ముంచింగిపుట్టు కొండల్లో కల్లు కొలువు, థింసా వాద్యం

అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న మండల కేంద్రం ముంచింగిపుట్టు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లా మన్యంలో ఉండేది. పాడేరు ఐటీడీఏ పరిధిలోకి వస్తుంది. సాయంత్రమయ్యేసరికి పేటవాళ్లంతా చేరే బారు, అందులో ఓ మూల కూర్చుని వాయించే బృందం, గిటారు, మైకు అనే ఏర్పాటు ఈ కొండల సంప్రదాయంలో లేదు. అలాంటి బారు చేసే పనిని ఇక్కడ జీలుగు చెట్టు మొదలు, సంత చివరి చెట్టు నీడ, ఊరి నడుమ రాతి గద్దెలు, పండగ రాత్రి రచ్చ తలా కొంత పంచుకున్నాయి. మాటా మంతీ, తగవూ తీర్పూ, పెళ్లి సంబంధం, పాట, ఆట ఇవన్నీ ఆ చోట్లనే నడిచాయి. సంతను మినహాయిస్తే తాగేదీ వినేదీ చాలాకాలం అమ్మకానికి లేవు. తాగేదాన్ని సర్కారు సరుకుగా మార్చాక ఈ కొలువుకు ఏమైందన్నది మన్యం చరిత్రలో చిన్న ముక్కేమీ కాదు.

ప్రాంతం, జనం

ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 వరకు కోరాపుట్ కొండలు, అరకు, పాడేరు కొండలు ఒకే విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ. మధ్యలో గీసిన గీత పాలనకే పనికొచ్చింది. పెళ్లిళ్లు, సంతలు, వాద్యాలు దాన్ని పట్టించుకోలేదు. థింసా ఆటను ఆంధ్ర, ఒడిశా రెండూ తమదని ప్రచారం చేసుకోవడానికి కారణం ఇదే. రెండు మాటలూ నిజమే.

సరిహద్దు పొడవునా పారే మాచ్‌ఖండ్ నదే దిగువన సీలేరు అవుతుంది. దాని మీద జోలాపుట్ జలాశయం, ఒనకఢిల్లీ విద్యుత్ కేంద్రం కట్టారు. రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టుగా 1955లో కరెంటు ఉత్పత్తి మొదలైంది. నీళ్ల కింద పోయిన ఊళ్లలో గదబలవి చాలా ఉన్నాయి.

ఇటు మండలంలో బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు, పోర్జలు, గదబలు, కోందులు, కమ్మరలు, మూలియాలు కలిసి బతుకుతారు. గదబల్లో గుతోబ్ మాట్లాడేవారిది ముండా కుటుంబ భాష. ఒల్లారి మాట్లాడేవారిది ద్రావిడ భాష, అంటే తెలుగుకు చుట్టం. ఒకరి భాష ఒకరికి తెలియని ఈ ఊళ్లను కలిపేది ఆదివాసీ ఒడియా. సంతలో బేరం, చెట్టు కింద పరాచికం, ఆటలో పాట ఎక్కువగా అందులోనే సాగుతాయి. తెలుగు బడిలోనూ ఆఫీసులోనూ ఎదురవుతుంది.

జీలుగు చెట్టు

మైదానంలో కల్లు అంటే తాడి, ఈత. కొండల్లో జీలుగు. శాస్త్రజ్ఞులు కారియోటా యూరెన్స్ అనే ఈ చెట్టు తాటి కుటుంబానిదే అయినా ఆకు చేప తోక ఆకారంలో చీలి ఉంటుంది. కాయ గుజ్జు తగిలితే చేతులు మండిపోతాయి. నాటిన పది పన్నెండేళ్లకు గానీ పూతకు రాదు. పూత మొదలయ్యేది చెట్టు తలలో. ఆ తరువాత ఏటికేడు ఒక్కో గెల కిందికి దిగుతూ వస్తుంది. అట్టడుగు గెల పూసి కాసిందంటే చెట్టు పని అయిపోయినట్టే, నిలువునా ఎండిపోతుంది. కాబట్టి చెట్టు గలవాడికి కల్లు దొరికేది ఆ కొద్ది సంవత్సరాలే.

గెల లేతగా ఉండగానే చివర చెక్కి కుండ కడతారు. పొద్దునా సాయంత్రమూ ఎక్కి కుండ దించి, గాయాన్ని మళ్లీ పలచగా చెక్కాలి. నున్నని మాను మీద కాలు నిలవదు గనక కణుపుల దగ్గర కొమ్మ మొదళ్లు వదిలేసిన పొడవాటి వెదురును మానుకు ఆనించి కడతారు. ఆ మొదళ్లే మెట్లు. మంచి ఊట పట్టిన చెట్టు రోజుకు పది, ఇరవై లీటర్లు కూడా ఇస్తుంది. తెల్లవారి దించినది తియ్యగా ఉంటుంది, పిల్లలూ తాగుతారు. గాలిలోని ఈస్టు పని చేసి పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది, సాయంత్రానికి తలకెక్కుతుంది. మర్నాటికి నోట పెట్టలేనంత పులుపు. నిలవ ఉండని ఈ గుణం వల్ల కల్లును దాచుకోవడం కుదరదు, దూరం తీసుకెళ్లి అమ్మడమూ కష్టం. దించిన పూటే పదిమందిని పిలిచి తాగెయ్యాలి. కల్లు చుట్టూ కొలువు తీరడానికి ఆచారం ఎంత కారణమో ఈ పులుపూ అంతే కారణం.

చెట్టుకు సొంతదారు ఉంటాడు. అది కొండపోడులో ఉన్నా, మరొకరి చేనిగట్టున ఉన్నా చెట్టు మాత్రం ఫలానా ఇంటిది. తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది. మాచ్‌ఖండ్ అవతలి బోండాల మీద మానవ శాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1950లో ప్రచురించిన ‘బోండో హైలాండర్’లో ఈ చెట్టు దాదాపు ఒక పాత్రలా కనిపిస్తుంది. స్నేహాలూ దాని కిందే, హత్యల దాకా పోయిన తగాదాలూ దాని కిందే. కొండ జీవితాన్ని తేనెలో ముంచి రాసేవాళ్లు ఈ రెండో సగాన్ని వదిలేస్తుంటారు.

జీలుగుతో పాటు ఇక్కడ తాగేవి మరికొన్ని ఉన్నాయి. చోడి పిండి, బియ్యం పులియబెట్టి చేసే లందా అంబలికీ మద్యానికీ మధ్యలో నిలుస్తుంది. ఆకలి తీరుస్తుంది, కాస్త మత్తూ ఇస్తుంది. కాస్త దిగువ కొండల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలే ఇప్పపూలు ఎండబెట్టి, నానబెట్టి కాచేది ఇప్పసారా. పులియబెట్టినదానికీ బట్టీ పెట్టి కాచినదానికీ చట్టం దృష్టిలో తేడా ఉంది. ఆరోగ్యం దృష్టిలో ఇంకా పెద్ద తేడా ఉంది.

కొలువు తీరే చోట్లు

చెట్టు మొదట్లో కూర్చునే కొలువుకు గుంజలూ కప్పూ ఉండవు. అడ్డాకు దొప్పో, ఎండిన ఆనపకాయ బుర్రో చేతికి అందుతుంది. తాగేముందు నాలుగు చుక్కలు నేల మీద వంచుతారు, అవి పోయినవాళ్లకు. పంచేది చెట్టు గలవాడు. ఇవాళ తాగినవాడి చెట్టు పూతకు వచ్చిన ఏడు ఇతనికి పిలుపు అందాలి. లెక్క ఎక్కడా రాయరు, మరిచినవాడి పేరు మాత్రం ఊరంతా గుర్తుంటుంది. పిల్లనడగడానికి వెళ్లే పెద్దలు కల్లు కుండతో వెళతారు. అవతలివాళ్లు కుండ అందుకున్నారంటే మాట ముందుకు సాగినట్టు. కుల పంచాయితీలో తప్పు పడినవాడు కట్టే జరిమానాలో కూడా కల్లుకో సారాకో భాగం ఉండేది. తగవు పడినవాళ్లిద్దరూ ఒకే కుండలోంచి తాగితే కేసు కొట్టేసినట్టే.

గదబ ఊళ్లలో ఇంకో రకం కొలువు ఉంది. పెద్ద రాతి పలకలు పేర్చిన గద్దెలను సదర్ అంటారు. చనిపోయిన పెద్దల పేరిట నిలిపిన రాళ్లవి. ఊరి పెద్దలు వాటి మీదే కూర్చుని మాట్లాడతారు. ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940ల్లో గదబ, బోండా ఊళ్లు తిరిగి ఈ శిలల ఆచారాల మీద రాశాడు. తాతల రాయి మీద కూర్చుని తాగుతూ తీర్పు చెప్పే ఏర్పాటు మైదానపు రచ్చబండకు కూడా లేదు.

సంత సంగతి వేరు. అక్కడ అందరూ పరాయివాళ్లే, అందరూ తెలిసినవాళ్లే. పసుపు, చింతపండు, రాజ్‌మా, కొండచీపుళ్లు, అడ్డాకులు దిగుతాయి. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు ఎక్కుతాయి. 1956లో విశాఖ కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ సంతల్లో అటవీ ఫలసాయం కొంటూ వచ్చింది. బేరాలు ముగిసే వేళకు సంత చివర ఆడవాళ్లు కుండలు పెట్టుకుని కూర్చుంటారు. కల్లుకు డబ్బు పుచ్చుకునే చోటు ఇదొక్కటే, అదీ ఆడవాళ్ల చేతిలోకే వచ్చే డబ్బు. అవతలి ఒడ్డున ఒనకఢిల్లీలో గురువారం సంత ఉంది. బోండాలు కొండ దిగి వచ్చేది దానికే.

వాద్యం

థింసా అనగానే బయటివాళ్ల కళ్ల ముందు కదిలేది రంగు చీరల వరస. అసలు దాన్ని నడిపేది పక్కన నిలబడిన మగవాళ్ల మేళం. తుడుము, డప్పు, కిరిడి, మోరి, జోడుకొమ్ములు దాని అంగాలు. తుడుము పుల్లలతో కొట్టే అర్ధగోళపు చర్మవాద్యం, అడుగు వేగం దాని చేతిలో ఉంటుంది. కిరిడి చిన్నది, కీచుగా పలుకుతుంది, తాళం మధ్య ఖాళీలను అదే నింపుతుంది. మోరి సన్నాయి జాతిది, రెండు పుల్లల పీక, చివర వెడల్పాటి లోహపు నోరు. ఒడిశా వైపు మొహురి అంటారు. మోరి ఊదేవాడు బుగ్గల్లో గాలి నిలిపి ముక్కుతో పీలుస్తూ స్వరం తెగకుండా లాగుతాడు. ఒకే చిన్న వరసను తిప్పి తిప్పి పలికించి, ఉన్నట్టుండి ఒక స్వరాన్ని సాగదీసి కిందికి జారవిడిచేసరికి ఆడేవాళ్ల అడుగు మారుతుంది. నా లెక్కలో ఈ కొండల సంగీతానికి ప్రాణం మోరిలోనే ఉంది. కెమెరా మాత్రం ఎప్పుడూ నర్తకుల కాళ్ల మీదే ఉంటుంది.

కోరాపుట్ ఊళ్లలో ఈ వాద్యకారులు ఎక్కువగా డోంబులు. పెళ్లికీ చావుకీ పండగకీ వాళ్లు లేనిదే పని జరగదు. అయినా ఊరి కొలువులో వాళ్ల చోటు అంచునే ఉండేది. వాయించినందుకు ధాన్యం, కల్లు, మాంసం ఇస్తారు, పంక్తి మాత్రం వేరు. ప్రపంచంలో చాలా చోట్ల వాద్యకారుల కథ ఇంతే.

ఆడవాళ్లు పదిహేను, ఇరవై మంది ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరస కడతారు. ముందు నడిచే ఆమె చేతిలో నెమలి ఈకల కుచ్చు. వరస పాములా మెలికలు తిరుగుతుంది, చుట్ట చుట్టుకుంటుంది, విప్పుకుంటుంది. ఆటలో రకాలున్నాయి. బోడ థింసా ఊరి దేవత ముందు ఆడేది. పోతర్ తోలలో ఆకులు కోసే పని కనిపిస్తుంది. బాగ్ థింసా పులి మీద పడితే తప్పించుకునే తీరు. గొడ్డి బేటలో వంగి, లేచి, ఊగుతూ ముందుకూ వెనక్కూ వెళతారు. నాటికారి ఒంటరి ఆట, ఎక్కువగా వాల్మీకులది, దీపావళికి చూడొచ్చు. బాయ థింసా గణాచారి ఒంట్లోకి దేవత వచ్చినప్పటిది, దాన్ని ఆట అనడం కూడా సరికాదేమో.

తాగడానికీ ఆడడానికీ లంకె ఎక్కడుందంటే, రాత్రి పొడవులో ఉంది. మేళం గంటల తరబడి సాగుతుంది. వాయించే చేతులకు, ఊదే పెదవులకు మధ్య మధ్య దొప్ప అందాలి. చలికాలపు రాత్రి నిప్పు పక్కన డప్పు చర్మం కాచుకుంటూ వాద్యకారులు తాగే ఆ కాసేపే ఊరి కబుర్లకు వేళ.

పాట

ఆడపిల్లల గుంపు ఒకవైపు, మగపిల్లల గుంపు ఒకవైపు చేరి అప్పటికప్పుడు చరణం కట్టి విసురుకునే పాటలు పోర్జ, గదబ ఊళ్లలో ఉన్నాయి. మొదటి పాదం చెట్టు గురించో పిట్ట గురించో ఉంటుంది, రెండో పాదం ఎదుటివాడికి తగులుతుంది. జవాబు కట్టలేనివాడు ఓడిపోయినట్టు. గోపీనాథ్ మొహంతి 1945లో రాసిన ఒడియా నవల ‘పరజా’లో కోరాపుట్ యువతీయువకుల ఈ పాటల లోకం నిండుగా ఉంది. అదే నవలలో కథ ఒక మలుపు తిరిగేది సారా దగ్గర. శుక్రు జాని కొడుకు మాండియా దొంగచాటుగా సారా కాస్తూ పట్టుబడతాడు. జరిమానా కట్టడానికి షావుకారు దగ్గర అప్పు చేస్తాడు. ఆ అప్పు తీర్చడానికి గోతీగా, అంటే వెట్టి జీతగాడిగా మారతాడు. కల్పిత కథే అయినా మన్యంలో అబ్కారీ చట్టం ఒక కుటుంబాన్ని ఏం చేయగలదో ఏ ప్రభుత్వ నివేదికా ఇంత స్పష్టంగా చెప్పలేదు.

పన్ను, సారా, నిషేధం

మన్యంలో కల్లు కోసం యుద్ధమే జరిగింది. గోదావరి ఏజెన్సీలోని రంపలో కొండవాళ్లు తమ చెట్ల కల్లు తామే గీసుకుని తాగేవాళ్లు. మద్రాసు ప్రభుత్వ కొత్త అబ్కారీ నిబంధనలతో దానికి పన్ను పడింది. వసూలు హక్కు చేజిక్కిన కాంట్రాక్టర్లు, రంప ఏలిక అయిన మన్సబుదారు మనుషులు పీడించారు. 1879 మార్చిలో తిరుగుబాటు మొదలై గూడెం కొండలకూ పాకింది. అణచడానికి సర్కారుకు ఏడాదికి పైగా పట్టింది. తరువాత విచారించిన అధికారులే కల్లు పన్నును ముఖ్య కారణాల్లో ఒకటిగా ఒప్పుకున్నారు, మన్సబుదారును తొలగించారు. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో గూడెం రంప తిరుగుబాట్ల మీద రాసిన వ్యాసం వీటన్నిటినీ ఒక వరసలో పెట్టి చూపింది. చిత్రమేమిటంటే, అదే మన్యంలో 1922లో పోరాటం మొదలుపెట్టిన అల్లూరి సీతారామరాజు అంతకుముందు కొండ ఊళ్లలో తాగుడు మానమని ప్రచారం చేశాడు. ఒక తరం తాగే హక్కు కోసం లేచింది, మరో తరం నాయకుడు మానడం నుంచి మొదలుపెట్టాడు. రెండింటికీ ఎదురుగా ఉన్నది అబ్కారీ ఆదాయమే.

స్వతంత్రం వచ్చాక పన్ను పేరు మారింది. వేలం పాడిన కాంట్రాక్టరు సారా దుకాణం కొండల్లోకీ ఎక్కింది. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సారా పొట్లాల్లో వచ్చింది. కల్లుకు రుతువుంది, చెట్టుంది, పంచేవాడున్నాడు. పొట్లానికి ఇవేవీ లేవు. ఏడాది పొడవునా, ఒంటరిగా, అప్పు మీద తాగొచ్చు. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ల ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం పెట్టింది, 1997లో అది సడలిపోయింది. మిగిలింది సీసా మద్యం.

1996లో వచ్చిన పెసా చట్టం ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీకీ ఇమ్మంది. ఆంధ్రప్రదేశ్ దీనికి నియమాలు చేసింది 2011లో. పదిహేనేళ్లు పట్టింది. అబ్కారీ ఆదాయం వచ్చే ఉత్తర్వుకు ఎప్పుడైనా అంత ఆలస్యం జరిగిందా అని అడగాలనిపిస్తుంది.

అమెరికా బ్లూస్‌తో పోల్చి చూస్తే

పేట బారులో సంగీతం అనగానే ప్రపంచానికి తట్టేది బ్లూస్. మిసిసిపీ డెల్టా పత్తి తోటల నల్లజాతి కూలీలు శనివారం రాత్రి చేరే రేకుల పాకలను జూక్ జాయింట్లు అంటారు. బెంటోనియాలో 1948లో తెరిచిన బ్లూ ఫ్రంట్ కేఫ్ అలాంటిదే. మిసిసిపీలో మద్య నిషేధం 1966 దాకా ఉంది గనక ఆ పాకల్లో తాగుడు చట్టం కళ్లుగప్పి సాగిందే. 1941లో స్టోవాల్ తోటలో జానపద సంగీత సేకర్త ఆలన్ లోమాక్స్ రికార్డు చేసిన కూలీ గాయకుడు మడ్డీ వాటర్స్ 1943లో షికాగో చేరాడు. అక్కడి బారుల రొదలో మామూలు గిటారు వినిపించక కరెంటు గిటారు పట్టాడు. తాగే చోటు వాద్యాన్నే మార్చేసింది. మన్యం మేళానికి ఆ అవసరం రాలేదు. మోరి, తుడుము ఆరుబయటి కోసమే పుట్టినవి, కొండ అవతలికి కూడా వినిపిస్తాయి.

పోలికలు కొన్ని నిజమైనవే. వెట్టి, వడ్డీ, పరాయి చట్టం రెండు చోట్లా ఉన్నాయి. స్వరాన్ని జార్చే అలవాటు, ప్రశ్నకు జవాబు పాడే పద్ధతీ ఉన్నాయి. తేడా ఇంకా పెద్దది. బ్లూస్‌లో ఒక మనిషి తన గోడు తాను చెబుతాడు, వినేవాళ్లు ఎదురుగా ఉంటారు. థింసాలో ఎదురుగా ఎవరూ ఉండరు, వచ్చినవాళ్లు వరసలో కలవాలి. అందుకే బ్లూస్ రికార్డుగా అమ్ముడుపోయింది, థింసా పోలేదు.

ఇటుకల పండగ

ఏడాదిలో ఈ కొలువు పూర్తిగా తెరుచుకునేది చైత్రంలో, ఇటుకల పండగకు. విత్తనాలకు పూజ చేస్తారు, మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురు గడ కట్టి వచ్చేపోయే బండ్లను ఆపి డబ్బులు పుచ్చుకుంటారు, ఆ డబ్బు విందుకే. వేట నుంచి ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్ల మీద ఆడవాళ్లు పేడ నీళ్లు చల్లే ఆచారాన్ని దక్షిణ భారత కులాలు, తెగల మీద రాసిన 1909 నాటి సంపుటాల్లోనే ఎడ్గార్ థర్‌స్టన్ నమోదు చేశాడు. 1972 వన్యప్రాణి చట్టం తరువాత వేట నేరం గనక అది చాలా చోట్ల తంతుగా మిగిలింది. మేళం, ఆట, కల్లు రోజుల తరబడి ఉంటాయి. మామిడి కొత్త, కొర్ర కొత్త, సంక్రాంతి, పాడేరు మోదకొండమ్మ జాతర తరువాతి వరసలో వస్తాయి.

ఇప్పటి స్థితి

అరకులోయ హోటళ్లలో నెగడు చుట్టూ రోజూ సాయంత్రం థింసా జరుగుతుంది. పర్యాటకులు డబ్బిస్తారు, కాసేపట్లో ముగుస్తుంది. దీన్ని చూసి పెదవి విరిచేవాళ్లున్నారు. ఆడేవాళ్లకు అది కూలి, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అయితే అక్కడ తాగేది చూసేవాళ్లు, ఆడేది వేరేవాళ్లు. ముంచింగిపుట్టు వైపు పర్యాటకుల తాకిడి ఆ మేరకు లేదు, అక్కడి ఊళ్లలో ఆట ఇంకా పండగకే కట్టుబడి ఉంది. క్రైస్తవం తీసుకున్న కుటుంబాలు చాలావరకు కల్లుకూ దేవతల ఆటకూ దూరమయ్యాయి. పెళ్లిళ్లలో సౌండు బాక్సులు మేళం చోటును ఆక్రమిస్తున్నాయి. మోరి నేర్చుకోవడానికి ఏళ్లు పడతాయి, పాట పెట్టడానికి సెల్‌ఫోన్ చాలు.

జీలుగు వైపు కొంత మంచి కబురుంది. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధన కేంద్రం జీలుగు నీరా, బెల్లం తయారీ మీద పని చేసింది. శ్రీలంకలో ఇదే చెట్టు నుంచి తీసే కితుల్ పాకానికి పెద్ద మార్కెట్టే ఉంది. పులియకముందే కాచి బెల్లం చేస్తే చెట్టు గలవాడికి ఆదాయం వస్తుంది, తాగుడు బాధా తగ్గుతుంది. కుండ చుట్టూ చేరే కొలువు కూడా ఆ మేరకు తగ్గుతుందన్నది ఒప్పుకోక తప్పదు.

ఈ విషయం మీద పని చేయదలచిన సంగీత విద్యార్థులకు ఒక మనవి. థింసా అడుగుల వీడియోలు ఇప్పటికే చాలా ఉన్నాయి. మోరి వరసలను, తుడుము, కిరిడి తాళాలను విడివిడిగా, వాయించినవాళ్ల పేరుతో, ఊరి పేరుతో, వాళ్ల అనుమతితో రికార్డు చేయండి. చేసినందుకు వాద్యకారుడికి నర్తకితో సమానంగా డబ్బు ఇవ్వండి.